ఎడెలో పెట్టిన జపాన్ శావిగె

నాకు రాసేది రాదు. సంతకం మటుకు పెడతాను, అది కూడా వంకరగా వస్తాది. నేను నోటితో చెప్పేది ఈ పక్కింటి పిల్ల రాసుకుంటా ఉండాది. నా గొంతు బొంగురు, తెలీకుంటే మళ్ళీ అడుగమ్మా అని ముందే చెప్పినాను.

మా ఆయప్ప, అంటే నా మొగుడు, పోయింది కామెర్లతో. అది ముందు చెప్పాల. కామెర్లకి ఉప్పు లేని పత్యం. ఉప్పు తగలకూడదు, నూనె తగలకూడదు, నీసు మాటే ఎత్తకూడదు అని నాటుమందు ఇచ్చే ఆయన చెప్పినాడు. నీళ్ళ మజ్జిగ పోసిన బువ్వ. పొద్దున అదే, సాయంకాలం అదే. ఆయప్ప తిండి మనిషి. ముద్ద నోట్లో పెట్టుకొని మింగకుండా గోడ తట్టు చూస్తా కూచునేవాడు.

ఆయప్పకి ఒక అలవాటు ఉండె. కూరలో ఉప్పు తక్కువైతే నోరు తెరిచి చెప్పడు. తట్ట అంచున కొంచెం ఉప్పు పెట్టేది మా ఇంట్లో వాడిక. దాన్ని వేలితో తాకి కలుపుకొని గమ్మున తింటాడు. ఆ వేలు పొయ్యేది చూసి నాకు తెలిసేది, ఈ దినం ఉప్పు చాల్లేదని. పత్యంలో ఉన్నప్పుడు కూడా ఆ వేలు అలవాటుగా అంచుకి పోయేది. ఆడ ఉప్పు ఉండదు. వేలు వెనక్కి వచ్చేది. నేను అది చూడకుండా పొయ్యి తట్టు తిరుక్కొనేదాన్ని.

అట్లే పోయినాడు. ఏడ్చేదానికి అందరూ వచ్చినారు. నాకు ఏడుపు రాలేదు. రాయి గుండెది అని ఎవరో అంటే వినపడింది. అననీ అనుకున్నాను. కడవలో నీళ్ళు నిండినాయా లేదా అని చూస్తా ఉన్నాను.

ఇంక శావిగె సంగతి. ఆయప్ప సిలుకు నూలు తీసే కార్ఖానాలో ఫిట్టరు. కొత్త యంత్రాలు బిగించేదానికి జపాన్ నుంచి ఒక దొర వచ్చిండాడు. పొట్టి మనిషి, తలొంచి నమస్కారం పెడతాడంట, ఫిట్టర్లకి కూడా. ఒక దినం మధ్యాన్నం ఆ దొర తన డబ్బా మూత తీసి, దాంట్లో సగం మా ఆయప్ప తట్టలోకి తోసినాడు. ఆయప్ప ఇంటికొచ్చి, చెయ్యి కూడా కడుక్కోకుండా నాకు అదే చెప్పినాడు. మన శావిగె, అదే సేమ్యాల మాదిరే ఉండాదంట, అయితే లావు. మెత్తగా ఉండాది, అయినా తెగదంట. దాంట్లో రొయ్యలంట, కోసు ఆకులంట, అదే క్యాబేజీ, ఇంకేదో ఎంత నమిలినా తెగని ముక్కలంట. కారమూ కాదు, తీపీ కాదు.

"నువ్వు చేసిస్తావా?" అని అడిగినాడు.

"జపాన్‌కి పోయి నేర్చుకోని వస్తాను. అంతవరకు సంగటి తిను," అన్నాను.

నవ్వినాడు. సంగటి తిన్నాడు. దాని తర్వాత రెండు మూడు సార్లు అడిగినాడు. పత్యంలో పడుకున్నప్పుడు ఒకసారి, "ఆ జపాన్ శావిగె ఎట్ల చేస్తారో కనుక్కుంటివా?" అన్నాడు. నువ్వు లేసినాక చూస్తాము అన్నాను. లేయలేదు.

మాలో ఒక పద్ధతి ఉండాది. పెద్దల అమావాస్య నాడు, పోయినోళ్ళకి ఆకులేసి, వాళ్ళు కోరేది వండి పెడతాము. దాన్ని ఎడె అంటాము. మా మామకి సారాయి, బీడీలు. మా అత్తకి నస్యం డబ్బీ, పక్కన ఎండు చేపల పులుసు. ఏడాది నిండినాక వచ్చే మొదటి అమావాస్యకి, కొత్తగా పోయినోళ్ళని ఆ వరసలో కలుపుతారు. ఆ మొదటి సారి, ఆ మనిషి అడిగి తినకుండా పోయిందేదో అది ఆకులో పడాల. పడలేదా, ఆ మనిషి ఆకలితోనే వరసలో కూచుంటాడు, ఇంక ఎన్ని అమావాస్యలకి ఏం పెట్టినా ఆ ఆకలి తీరదు అంటారు.

అది నిజమా అబద్ధమా నాకు తెలీదు. నేను ఆలోచన చేసేదాన్ని కాదు. ఉప్పు లేని కూడు తిని పోయిన మనిషికి ఒక్కసారి ఆ శావిగె, ఉప్పుతో పెట్టాల. ఇంతే నా తలలో ఉండె. మిగతాదంతా ఖాళీ.

నేను అప్పుడు కె.ఆర్.పురంలో మా బావ ఇంట్లో ఉంటిని. బావ అంటే ఆయప్ప అన్న. రాగులు, బియ్యం అంగడి ఉండె ఆయనకి. ఆయన పెండ్లాం, నా ఏరాలు, నోరు పెద్దది, చెయ్యి కూడా పెద్దదే, నాకు అన్నం తక్కువ చెయ్యలేదు. ఒక దినం కార్ఖానా మేస్త్రి వచ్చి, దొర పెండ్లానికి వంటింట్లో చేతిసాయం కావాల, ఫిట్టరు పెండ్లాం వస్తాదా అని అడిగినాడు. బావ నా తట్టు చూసినాడు. నేను వాకిలి చాటు నుంచి, పోతాను అన్నాను. ఎందుకు పోతానో చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

వాళ్ళ ఇల్లు దండులో, అదే బెంగళూరు కంటోన్మెంటులో. బస్సులో పోయేది. ఆ దొరసానమ్మ నా వయసే, లేదంటే కొంచెం పెద్ద. ఆమెకి నా మాట రాదు, నాకు ఆమె మాట రాదు. మార్కెట్టులో నేర్చుకున్న కన్నడం మూడు మాటలుండె ఆమె దగ్గర. బేకు, బేడ, సాకు. కావాల, వద్దు, చాలు. మేము ఇద్దరం ఆ మూడు మాటలతోనే వంటిల్లు నడిపినాము. నాకు అది బాగుండె. ఇంట్లో అయితే ఎట్ల పోయినాడు, ఏం తిన్నాడు, ఎవరి దిష్టి అని అడుగుతానే ఉంటారు. ఈడ బేకు, బేడ, సాకు.

నేను పోయిన మొదట్లో ఆమె ఆ శావిగె చెయ్యలేదు. అన్నము, చేప, ఏదో ఆకుల నీళ్ళు. నేను గిన్నెలు తోముతా కాచుకొని ఉన్నాను. ఒక ఆదివారం ఆమె మైదా పిండి ముందరేసుకొని, ఉప్పు కలిపిన నీళ్ళు పోసి కలిపింది. గట్టి ముద్ద. దాన్ని తెల్లగుడ్డలో చుట్టి, నేల మీద చాప పరిచి, చాప మీద పెట్టి, కాళ్ళు కడుక్కొని దాని మీదికెక్కి తొక్కింది.

నేను నిలబడి చూస్తా ఉన్నాను. గోడ కట్టేదానికి మట్టి తొక్కుతారు గదా, అట్ల. తొక్కుతా తొక్కుతా నా తట్టు చూసి నవ్వి, నన్ను కూడా ఎక్కమని చెయ్యి చూపించింది. తినేదాని మీద కాలు పెట్టేది ఎట్ల? బేడ అన్నాను. ఆమె నవ్వి, తానే తొక్కింది. తర్వాత దాన్ని కర్రతో వత్తి, చీర మడిచినట్టు మడిచి, కత్తితో సన్నగా కోసింది. విప్పితే తాళ్ళు. ఉడకబెట్టి, చన్నీళ్ళలో పోసి, బట్టలు జాడించినట్టు జాడించింది. ఓ, ఇదే అది అనుకున్నాను. లావు, మెత్తన, తెగదు.

రొయ్యలు శివాజీనగరం మార్కెట్టు నుంచి. రైల్లో ఐసు గడ్డల్లో వస్తాయి. వాటిని వొలిచే పని నాది. ఎంత నమిలినా తెగని ముక్కలు అన్నాడు గదా, అది కూడా చూసినాను. చెప్పు అట్ట మాదిరి ఎండబెట్టిన సముద్రపు జంతువు, వాళ్ళ ఊరినుంచి తెచ్చుకున్నది. నానబెట్టి కోస్తాది. బాండ్లిలో నూనె కాగినాక రొయ్యలు, ఆ ముక్కలు, ఎర్రగడ్డ, కోసు, దాని మీద తాళ్ళు. ఆఖరుకి ఒక సీసాలోనుంచి నల్ల నీళ్ళు. ఆ నల్ల నీళ్ళు పడితే సుయ్యిమని వాసన లేస్తాది. ఆయప్ప చేతి మీద ఆ దినం ఉండిన వాసన అదే.

వాసన తెలిసింది. నాకు ఏమీ కాలేదు. ఏదైనా అవుతాదేమో అనుకొని కొంచెం సేపు నిలబడినాను. తర్వాత గిన్నెలు తోమినాను.

ఇంకోసారి నన్నే చెయ్యమనింది. అంతా చేసినాను, మన అలవాటుగా తాళింపులో పిడికెడు ఉప్పేసినాను. దాని మీద నల్ల నీళ్ళు పోసినాను. ఆ నల్ల నీళ్ళే ఉప్పు అని నాకెట్ల తెలుస్తాది? ఆమె ఒక పోగు నోట్లో పెట్టుకొని, బయటికి పరిగెత్తి ఉమ్మేసి, కండ్లలో నీళ్ళొచ్చేట్టు నవ్వింది. సాకు సాకు అనింది. తర్వాత నా చేతికి గరిటె ఇచ్చి, రుచి చూసి వెయ్యి అని నోటికి చెయ్యి పెట్టి చూపించింది. ఆమె అట్లే చేస్తాది. గరిటెతో తీసి నోట్లో పెట్టుకొని, అదే గరిటె మళ్ళీ బాండ్లిలో పెడతాది. ఎంగిలి అనేది వాళ్ళకి లేదు. మాకు అట్ల కాదు. వండే చెయ్యి తినకూడదు. ఎవరికి వండుతామో వాళ్ళు తినేవరకు నాలికకి తగలకూడదు. మా అమ్మ వాసన చూసి ఉప్పు చెప్పేది. నేను కూడా అట్లే. అయితే ఈ నల్ల నీళ్ళ వాసనలో ఉప్పెంతో నా ముక్కుకి తెలీలేదు. దాంతోపాటు నేను నీసు మానేసి ఉన్నాను, ముండమోసిన దాన్ని గదా. గరిటె ఆమెకే ఇచ్చేసినాను. దాని తర్వాత ఎప్పుడూ నేను కలిపేది, ఆమె నోట్లో పెట్టుకొని బేకు, సాకు అనేది. ఇంకో చుక్క, ఇంక చాలు. అట్లయితే బాగా కుదిరేది.

అమావాస్య దగ్గరికి వచ్చినప్పుడు, నాకు ఆ నల్ల నీళ్ళు కొంచెం కావాల అని అడిగినాను. ఎందుకని ఆమెకి ఎట్ల చెప్పేది? ఆకాశం చూపించినాను, నా బోడి మెడ చూపించినాను, ఆకేసి వడ్డించేది చేతులతో చూపించినాను. ఆమె నా చెయ్యి పట్టుకొని లోపలి రూములోకి పిలుచుకోని పోయింది. ఆడ ఒక చిన్న పెట్టె, తలుపులు తెరిచి ఉండె, లోపల ముసలామె ఫోటో. వాళ్ళమ్మ అని తెలిసింది, మొకం అదే. ముందర చిన్న గిన్నెలో ఆ పొద్దుటి అన్నం. ఇద్దరం ఊరికే దాన్ని చూస్తా నిలబడినాము.

ఒక చిన్న సీసా నిండా నల్ల నీళ్ళు పోసిచ్చింది, నానబెట్టే ముక్కలిచ్చింది. కొయ్యలాగ ఎండిన చేపని వడ్రంగి చిత్రిక పట్టినట్టు గీసి, ఆ పొట్టు కాగితంలో కట్టిచ్చింది, పైన చల్లేదానికి. బాండ్లి కూడా ఇచ్చింది. వాళ్ళు ఆ ఏడే వాళ్ళ దేశానికి పోయినారు. ఆ నల్ల నీళ్ళు నేను మళ్ళీ చూడలేదు. ఉండేది ఆ ఒక్క సీసానే.

ఇంటికి పోయి మా ఏరాలికి చెప్పినాను. ఆమె రాగులు చెరుగుతా ఉండె. పిండి ఎట్ల చేస్తారని అడిగితే ఉండేది ఉన్నట్టు చెప్పినాను. చేట కింద పెట్టేసింది.

"యేమ్మే, కాళ్ళతో తొక్కిన పిండి పెద్దలకి పెడతావా? మామ లేచొచ్చి తన్ని పోతాడు."

"తొక్కను లేక్కా. రోట్లో ఏసి దంచుతాను."

"దంచితే ఆ పురుగులు పురుగులు కాకుండా పోతాయా? రొయ్యలంట రొయ్యలు. మీసాలుండే పురుగులు."

"మామకి సారాయి పెడతావు గదక్కా."

"సారాయి మన సారాయి."

బావ లోపల ఉండె. నేను బావతో మొకాన మొకం పెట్టి మాట్లాడేది లేదు, ఏరాలితో చెప్పేది, ఆమె ఆయనకి చెప్పేది. మూడు నాలుగు దినాలు ఇదే నడిచింది. ఆకులో నల్లది పెట్టకూడదు అనింది ఏరాలు. ఆ సముద్రపు వాసనకి మిగతా పెద్దలు ఆకుల దగ్గరికే రారు అనింది. అడిగింది పులుసా పాయసమా, ఎవడో పరాయి దేశమోని డబ్బాలోది, దాన్ని కోరిక అంటారా అనింది. వద్దనేస్తే ఏం చేస్తానో నాకే తెలీదు. ఆ ఆకులో అది పడకుంటే నేను ఆ ఇంట్లో ఇంక ఎట్ల అన్నం తింటానో తెలీలేదు.

ఆఖరుకి బావే లోపలినుంచి అడిగినాడు. "వాడు అడిగినాడా, లేదా? అది ఒకటి చెప్పమను."

ఏరాలు నా తట్టు చూసింది. నేను తలూపినాను.

"అడిగినాడంట," అనింది, గొంతు తగ్గించి.

"అడిగింటే పెట్టమను. పెరట్లో వేరే పొయ్యి పెట్టుకోమను. వాని ఆకు వరస చివర ఎయ్యి, ఆ నీళ్ళు మిగతా ఆకులకి పారకూడదు." మళ్ళీ అన్నాడు. "ఎవరూ ఎంగిలి చెయ్యకూడదు. పెద్దలు తినేవరకు నాలిక మీద పడకూడదు."

అది ఆయన చెప్పకపోయినా నాకు తెలిసిందే.

అమావాస్య నాడు పొద్దున్నే తలకి నీళ్ళు పోసుకొని పెరట్లో మూడు రాళ్ళు పెట్టినాను. పిండి ఉప్పు నీళ్ళతో కలిపి రోట్లో దంచినాను. కాలి బరువు చెయ్యికి రాదు, భుజాలు పడిపోయినాయి. ఏరాలు లోపల మాంసం, వడలు, పాయసం చేస్తా, మధ్య మధ్యలో వచ్చి ముక్కు మూసుకొని చూసి పోయేది. ఒకసారి మటుకు రోకలి తీసుకొని, నువ్వు కాసేపు కూచో అని తానే దంచింది. దంచుతా కూడా తిడతానే ఉండె.

తాళ్ళు కోసినాను, ఉడకబెట్టినాను, జాడించినాను. కట్టెల మంట ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ. రొయ్యలేసినాను. కోసు ఏసినాను. ఆఖరుకి సీసా తీసినాను.

ఆ చెయ్యి ఆడ ఆగిపోయింది. బేకు, సాకు అనేదానికి పక్కన ఎవరూ లేరు. పిడికెడు ఉప్పు ఏసి ఆమె ఉమ్మేసింది కండ్ల ముందరికి వచ్చింది. ఉప్పు కషాయం చేసి ఆయప్ప ఆకులో పోస్తానా? కొంచెం పోసినాను. కలిపి వాసన చూసినాను. ఇంకొంచెం పోసినాను. గరిటె నా చేతిలోనే ఉండె. ఒక్క పోగు నాలిక మీద పెట్టుకుంటే తెలిసిపోతాది, పెరట్లో ఎవరూ లేరు. పెట్టుకోలేదు. సీసాకి బిరడా పెట్టేసినాను.

లోపల వరసగా ఆకులేసినారు. ఆయప్ప ఆకు చివర. ఆకు వేసినాక ముందు మూలన ఉప్పు పెట్టాల, మాలో అదే మొదలు. మిగతా ఆకులకి ఏరాలు పెట్టింది, ఈ ఆకుకి నేనే పెట్టినాను. తర్వాత వడలు, మాంసం, పాయసం అన్నీ పడినాక మధ్యలో నా శావిగె వడ్డించి, దాని మీద చేప పొట్టు చల్లినాను. అది వేడికి కదులుతాది, ప్రాణముండేదాని మాదిరి లేస్తాది, వొంగుతాది. దొరసానమ్మ ఇంట్లో నేను చూసిందే గదా, వీళ్ళకి చెప్పేది మరిచిపోయినాను. బావ కర్పూరం పట్టుకోని ఆ ఆకు ముందరికి వచ్చి, చూసి, ఒక అడుగు వెనక్కి వేసినాడు.

"చెప్పలేదా నేను, పురుగులు బతికే ఉండాయి," అనింది ఏరాలు.

బావ మళ్ళీ ముందరికి జరిగినాడు. కర్పూరం ఇచ్చి, అందరినీ బయటికి రమ్మని తలుపు మూసినాడు. పెద్దలు తినేవరకు ఎవరూ లోపలికి తొంగి చూడకూడదు. వాకిలి ముందర జగలి అరుగు మీద కూచున్నాము. దారిలో లారీలు పోతా ఉండె. ఏరాలు చెయ్యి మీద నూనె చింది పడిన చోట ఊదుకుంటా ఉండె. పోయిన మనిషి లోపల తింటా ఉండాడని నేను అనుకోవాల. అనుకోలేకపోయినాను. మంట ఆర్పినానా లేదా అని ఆలోచన.

బావ రెండుసార్లు దగ్గి, తలుపు తీసినాడు. ఎడె ఆకులోది ఇంట్లో వాళ్ళే తినాల. పెండ్లాం మొగుని ఆకులో తినాల. ఆ ఆకులోది నీసు లెక్క కాదు, పెద్దల ప్రసాదం. నేను పోయి ఆ చివర ఆకు ముందర కూచున్నాను. తాళ్ళు చల్లారి అంటుకొని ఉండె. చేప పొట్టు అణిగిపోయి ఉండె, కదల్లేదు. ఒక పోగు తీసి నోట్లో పెట్టుకున్నాను.

ఉప్పు చాల్లేదు.

ఎంతో కొంత ఉంటే తెలిసేది. నాలికకి ఏమీ తగల్లేదు. పత్యం బువ్వ మాదిరి. మళ్ళీ ఒక రొయ్య నోట్లో పెట్టుకున్నాను, అది కూడా అంతే. పెరట్లో సీసాలో ఇంకా సగానికి పైనే ఉండాది.

ఏరాలు నా పక్కకి వచ్చి నిలబడింది. వొంగి, నా ఆకులోనుంచి ఒక పోగు తీసుకొని తిన్నాది. దినాలుగా తిట్టిన మనిషి. ఏమంటాదో అని నేను తల ఎత్తలేదు.

"ఉప్పు తక్కువైంది గదమ్మే," అనింది. తిట్టినట్టు లేదు. నమిలి మింగి, ఇంకో పోగు తీసుకోని పోయింది.

అప్పుడు చూసినాను ఆకు మూల. నేను ముందు పెట్టిన ఉప్పు ఆడే ఉండె. ఈ సారి ఆయప్ప వేలు మూలకి పోయింటే, ఆడ ఉప్పు ఉండె. వొంగి చూసినాను. కుప్ప ఒక పక్క కొంచెం గుంట పడినట్టు ఉండె. నేను పెట్టేటప్పుడు నా వేలి గుర్తే పడిందో ఏమో. ఎంత సేపు చూసినా చెప్పేదానికి కాలేదు. ఏడుపేమీ రాలేదు. ఆకలి మటుకు ఉండె, ఆ దినం పొద్దున్నించి ఏమీ తినలేదు.

ఆ గుంట పడిన చోటే వేలు పెట్టి ఉప్పు తీసి, ఆకులో ఉండేదాంట్లో కలిపి తిన్నాను. కలిపితే సరిపోయింది.